ముందు తెరవాల్సింది ఒకటో తరగతి

కరోనా కాలంలో మన రెండు రాష్ట్రాలూ బడులు తెరిచిన వరస ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబర్ 2న గంట మోగింది తొమ్మిది, పది తరగతులకూ ఇంటర్మీడియట్‌కూ. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లల వంతు 2021 ఫిబ్రవరి 1న గానీ రాలేదు. తెలంగాణలో అదే ఫిబ్రవరి 1న తొమ్మిదో తరగతి నుంచి పైవాళ్లను రమ్మన్నారు, నెలాఖరులో ఆరు నుంచి ఎనిమిది దాకా పిలిచారు, మార్చి 24 నుంచి మళ్లీ అన్నిటికీ తాళాలు వేశారు. అంటే 2020 మార్చి 16న బడి మూసినప్పుడు ఇంటికి వెళ్లిన తెలంగాణ ప్రాథమిక పాఠశాల పిల్లలు 2021 సెప్టెంబర్ 1 దాకా, పదిహేడు నెలలకు పైగా, తరగతి గదిలో కూర్చోలేదు. పదో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉంది కాబట్టి వాళ్లు ముందు. ఒకటో తరగతికి ఏ పరీక్షా లేదు కాబట్టి వాళ్లు చివర. పెద్ద పిల్లలైతే మాస్కు పెట్టుకుంటారు, చెప్పిన మాట వింటారు అన్న వాదన కూడా వినిపించింది గానీ, వరసను నిర్ణయించింది మాత్రం పరీక్షల టైమ్‌టేబులే. మహమ్మారి ఉండగా బడులు తెరవడం క్షేమమేనా అంటే, క్షేమంగా తెరవవచ్చనే నేనంటాను. అయితే ఈ వరసలో కాదు. చిన్నపిల్లల బడి అన్నిటికన్నా ముందు తెరుచుకోవాలి, మూయక తప్పకపోతే అన్నిటికన్నా చివర మూతపడాలి.

ఇది ఆదర్శం కోసం చెబుతున్న మాట కాదు, అప్పటికే కళ్లముందున్న సాక్ష్యం. డెన్మార్క్ 2020 ఏప్రిల్ 15న, యూరప్‌లో చాలా దేశాలు ఇంకా తలుపులు బిగించుకుని ఉన్నప్పుడే, బడులు తెరిచింది. పసివాళ్ల కేంద్రాలతో, ఐదో తరగతి దాకా పిల్లలతో మొదలుపెట్టింది. చిన్న చిన్న గుంపులుగా విడదీశారు, ఒక గుంపు పిల్లలను ఇంకో గుంపుతో కలవనివ్వలేదు, వీలైనంత ఆరుబయట పాఠాలు చెప్పారు, గంట గంటకూ చేతులు కడిగించారు. ఆ తర్వాతి వారాల్లో కేసులు ఎగబాకలేదు. స్వీడన్ అసలు ప్రాథమిక బడులను మూయనేలేదు. అక్కడ ఒకటి నుంచి పదహారేళ్ల వయసువాళ్లు 19 లక్షల పైచిలుకు. 2020 మార్చి నుంచి జూన్ దాకా వాళ్లలో కోవిడ్ సంబంధంగా ఐసీయూలో చేరింది 15 మంది, చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. మన దేశంలోనూ 2021 జూలై 20న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అప్పటి అధిపతి బలరామ్ భార్గవ విలేఖరులతో ఈ మాటే చెప్పారు. బడులు తెరవాలనుకుంటే ప్రాథమిక పాఠశాలలతో మొదలుపెట్టడం తెలివైన పని అన్నారు. వైరస్ పట్టుకునే గ్రాహకాలు చిన్నపిల్లల్లో తక్కువ, పెద్దవాళ్లకన్నా వాళ్లు ఈ వైరస్‌ను తేలిగ్గా తట్టుకుంటారు అని కారణం చెప్పారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. బస్సు డ్రైవర్ దగ్గర్నుంచి టీచర్ దాకా బడిలో ఉండే పెద్దలందరికీ ముందు టీకా పడాలి.

బడి తెరిచి దెబ్బతిన్న దేశం ఉంది కదా అంటే, ఉంది. ఇజ్రాయెల్ 2020 మే 17న అన్ని తరగతులనూ పూర్తిగా తెరిచింది. పది రోజులకే జెరూసలేంలోని ఒక హైస్కూల్లో వైరస్ చెలరేగి 153 మంది విద్యార్థులకూ 25 మంది సిబ్బందికీ సోకింది. అయితే ఆ రోజుల్లో ఆ గదులు ఎలా ఉన్నాయో చూడాలి. ఎండలు మండిపోతున్నాయని మాస్కులు తీసెయ్యడానికి అనుమతి ఇచ్చారు. కిటికీలు మూసి ఏసీలు నడిపారు. ఒక్కో గదిలో ముప్పై మందికి పైగా. అక్కడ ఎక్కువగా సోకింది కూడా ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకే. డెన్మార్క్‌నూ ఇజ్రాయెల్‌నూ పక్కపక్కన పెడితే తేడా గేటు తెరవడంలో లేదు, గేటు లోపల గాలి ఆడటంలో ఉంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2020 చివర 169 ఎలిమెంటరీ స్కూళ్లను పోల్చి చూస్తే, గాలి ధారాళంగా ఆడే ఏర్పాట్లు చేసుకున్న చోట కేసులు 39 శాతం తక్కువ, టీచర్లూ సిబ్బందీ మాస్కులు తప్పనిసరిగా పెట్టుకున్న చోట 37 శాతం తక్కువ. మన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఎంత బీదదైనా దానికో వరండా ఉంటుంది, చాలాచోట్ల వాకిట్లో ఓ వేపచెట్టు ఉంటుంది. ఆ వరండాలో చాప పరిచి కూర్చోబెట్టిన పిల్లలకు, నగరంలో కిటికీలు తెరుచుకోని ఏసీ గదిలో కూర్చున్న పిల్లలకన్నా ముప్పు తక్కువ. బడికి వచ్చే దారి మాత్రం వేరే కథ. ముగ్గురు కూర్చోవాల్సిన ఆటోలో పదిమందిని కుక్కి, వానకు రెండువైపులా పరదాలు దించి తీసుకొచ్చే ఆ అరగంట, బడిలో గడిపే ఆరు గంటలకన్నా ప్రమాదం కావచ్చు. మార్గదర్శకాలు రాసేవాళ్ల చూపు బెంచీల మధ్య దూరం మీదే నిలిచిపోయింది.

2020 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ బడులు తెరిచిన మూడు రోజులకే 262 మంది విద్యార్థులకు, 160 మంది దాకా టీచర్లకు పాజిటివ్ వచ్చిందన్న వార్త దేశమంతా పాకింది. అప్పటికి బడికి వస్తున్న పిల్లలు దాదాపు 4 లక్షలు, టీచర్లు లక్షకు కొంచెం తక్కువ. కోవిడ్ సోకాక లక్షణాలు బయటపడటానికి సగటున ఐదారు రోజులు పడుతుంది. కాబట్టి మూడు రోజుల్లో తేలిన కేసుల్లో చాలావరకు బడిలో అంటుకున్నవి కావు, ఇంటి నుంచో ఊరి నుంచో వచ్చినవి. బడి తెరవడంతో పరీక్షలు చేశారు, చేయడంతో బయటపడ్డాయి. అందరూ 262 దగ్గరే ఆగిపోయారు గానీ, ఆ లెక్కల్లో నాకు ముఖ్యంగా కనిపించేది రెండో అంకె. పిల్లల్లో వెయ్యికి ఒక్కరు కూడా లేరు. టీచర్లలో ఆ నిష్పత్తి రెండింతలకు పైగా ఉంది.

బడి తెరిస్తే భారం మోసేది టీచరే. స్వీడన్ పరిశోధకులు దీన్ని శుభ్రంగా లెక్కగట్టారు. 2020 వసంతంలో అక్కడ తొమ్మిదో తరగతి దాకా బడులు నడిచాయి, పై తరగతులు ఆన్‌లైన్‌కు మారాయి. తరగతి గదిలో పాఠం చెప్పిన హైస్కూలు టీచర్లకు, ఇంటి నుంచి చెప్పిన టీచర్లకన్నా రెండింతలు ఎక్కువగా వైరస్ సోకింది. ఈ నిజాన్ని దాచిపెట్టి బడులు తెరవమనడం అన్యాయం. మన దగ్గర టీకా మొదలైన 2021 జనవరిలో టీచర్లను ముందువరస సిబ్బందిగా లెక్కించలేదు. ఆ సంవత్సరం ఆగస్టు చివరికి గానీ, సెప్టెంబర్ 5 ఉపాధ్యాయ దినోత్సవంలోగా టీచర్లందరికీ వేయమంటూ కేంద్రం రాష్ట్రాలకు అదనపు డోసులు ఇవ్వలేదు. ఆ ఏడు నెలల జాప్యమే చిన్నపిల్లల బడి తలుపుకు పడ్డ అసలు తాళం. కోవాగ్జిన్ తయారైంది హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో. దానికి కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లలో టీచర్లు తమ వయసువాళ్ల వంతు కోసం ఎదురుచూశారు. ప్రైవేటు టీచర్లకైతే బడి మూతపడితే జీతం లేదు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చిందంటే ఇళ్లు ఏ స్థితిలో ఉన్నాయో అర్థమవుతుంది. బడి మూస్తే టీచరుకు క్షేమం అన్న మాట జీతం ఆగని వాళ్లకే వర్తించింది.

హాస్టళ్ల విషయంలో మాత్రం నేను తెరవమనే వాళ్ల పక్షాన లేను. 2021 మార్చిలో రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ హాస్టల్లో 160 మందికి పైగా విద్యార్థులకు పాజిటివ్ వచ్చింది. ఇది జరక్కపోతేనే ఆశ్చర్యం. అద్దె భవనాల్లో నడిచే కొన్ని గురుకులాల్లో పగలు పాఠం చెప్పిన గదే రాత్రి పడకగది అవుతుంది. గోడవారగా ట్రంకు పెట్టెలు, వాటి మధ్య ఒకరి తల పక్కన ఇంకొకరి తల, దోమలు వస్తాయని మూసేసిన కిటికీలు, పొద్దున్నే నాలుగు కుళాయిల దగ్గర వందమంది. బడిలో పిల్లలు కలిసి ఉండేది ఆరు గంటలు, ఇక్కడ ఇరవై నాలుగు గంటలు. తెలంగాణ హైకోర్టు 2021 ఆగస్టు 31న గురుకులాలను, హాస్టళ్లను అప్పుడే తెరవొద్దని ఆపింది, పిల్లలు తరగతికి రావాల్సిందేనని ఎవరినీ బలవంతపెట్టొద్దంది. బడినీ హాస్టల్‌నూ వేరు చేసి చూసిన ఆ తీరు సరైనది. విద్యాశాఖ ఉత్తర్వులే మొదటినుంచీ అలా వేరు చేసి ఉంటే, ఒక హాస్టల్లో కేసులు బయటపడ్డప్పుడల్లా ఊళ్లో ఉన్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల కూడా మూసుకోవాల్సిన పరిస్థితి వచ్చేది కాదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. మన ఇళ్లు స్వీడన్ ఇళ్లు కావు. రెండు గదుల ఇంట్లో తాతయ్య, నానమ్మ, షుగరున్న నాన్న, పిల్లలు అందరూ ఒకే చోట పడుకుంటారు. పిల్లవాడు తేలిగ్గా గట్టెక్కినా నానమ్మ గట్టెక్కకపోవచ్చు. ఇది కొట్టిపారేయాల్సిన భయం కాదు. అయితే బడి మూయడం వల్ల ఆ నానమ్మ బతికిందా అన్నదే ప్రశ్న. 2021 జూన్, జూలైలలో ఐసీఎంఆర్ చేసిన నాలుగో సీరో సర్వేలో ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి అప్పటికే వైరస్ సోకి వెళ్లిన ఆనవాళ్లు ఉన్నాయి. పది నుంచి పదిహేడేళ్ల వాళ్లలో 61.6 శాతం. ఆ సర్వే జరిగిన 70 జిల్లాల్లో నల్గొండ, కామారెడ్డి, జనగామ, కృష్ణా, నెల్లూరు, విజయనగరం కూడా ఉన్నాయి. దేశంలో చాలాచోట్ల ప్రాథమిక బడులు ఏడాదికి పైగా మూతపడి ఉన్న కాలం అది. బడికి పంపకుండానే సగానికి పైగా పిల్లలకు వైరస్ ఇంటికొచ్చి సోకింది. పనికి వెళ్లిన నాన్న తెచ్చాడు, పెళ్లిలో అంటింది, సంతలో అంటింది. స్వీడన్ అధ్యయనంలో బడికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులకు అదనంగా పెరిగిన ముప్పు కొద్దిపాటిదే, టీచర్లకు పెరిగినంత కాదు. ఇంట్లో పెద్దవాళ్లను కాపాడేది వాళ్లకు వేళకు పడే టీకా. ఒకటో తరగతి పిల్లవాణ్ని ఏడాదిన్నర ఇంట్లో కూర్చోబెట్టడం ఆ పని చేయలేదు.

కూర్చోబెట్టినందుకు పడ్డ మూల్యం మాత్రం లెక్కకు అందుతుంది. 2020 మార్చిలో ఒకటో తరగతి చదువుతున్న అమ్మాయికి అప్పుడే అచ్చులు, హల్లులు పట్టుబడుతున్నాయి. గుణింతాలు, ఒత్తులు నేర్వాల్సిన రెండో తరగతి ఆమెకు టీవీలో జరిగింది. యాదగిరి, సప్తగిరి చానళ్లలో పాఠాలు వచ్చిన మాట నిజమే. ఆ పాఠం చెప్పే టీచరుకు, ఆ అమ్మాయి ‘క్క’ అని రాయాల్సిన చోట ‘కక’ అని రాసిందని ఎలా తెలుస్తుంది? పలక మీద చెయ్యి పట్టి దిద్దించేవాళ్లు లేకుండానే ఆమె మూడో తరగతికి వచ్చింది. అక్కడ వాచకం నిండా సంయుక్తాక్షరాలు. 2021 ఆగస్టులో ఆర్థికవేత్తలు జాఁ ద్రేజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద ఇళ్ల పిల్లలను కలిస్తే, పల్లెల్లో రోజూ ఆన్‌లైన్‌లో చదువుతున్నవాళ్లు 8 శాతం, అసలేమీ చదవనివాళ్లు 37 శాతం. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2022 నివేదికలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 10.3 శాతానికి, తెలంగాణలో 5.2 శాతానికి పడిపోయారు. 2018లో అవి 22.6, 18.1. తర్వాత కోలుకున్నాం కదా అనేవాళ్లున్నారు. దేశవ్యాప్తంగా ప్రభుత్వ బడుల్లో ఈ అంకె 2022లో 16.3 ఉన్నది 2024కి 23.4కి పెరిగింది. సంతోషమే. కానీ 2024లో మూడో తరగతిలో కూర్చున్నది వేరే పిల్లలు, బడులు తెరుచుకున్నాక చేరినవాళ్లు. 2022లో చదవలేకపోయిన పిల్లలు ఆ మెరుగుదలలో లేరు. వాళ్లు పై తరగతులకు ప్రమోట్ అవుతూ వెళ్లిపోయారు. పదో తరగతి విద్యార్థికి పోయిన సిలబస్‌ను తగ్గించి పరీక్ష పెట్టవచ్చు, పరీక్షే రద్దు చేయవచ్చు, రెండూ చేశారు కూడా. చదవడం నేర్చుకునే ఏడాది పోతే దాన్ని తగ్గించే సిలబస్ ఉండదు.

ఒమిక్రాన్ వచ్చిన 2022 జనవరికి ఈ విషయాలన్నీ తెలిసినవే. అప్పుడు మన రెండు రాష్ట్రాలూ రెండు దారులు పట్టాయి. ఆంధ్రప్రదేశ్ సంక్రాంతి సెలవులయ్యాక బడులు తెరిచే ఉంచింది. తెలంగాణ సంక్రాంతి సెలవులను జనవరి 30 దాకా పొడిగించింది, దుకాణాలు, బార్లు, సినిమా హాళ్లు మాత్రం నడిచాయి. ఫిబ్రవరి నడిమికి రెండు చోట్లా అల తగ్గింది. టెస్టుల తీరు, జనసాంద్రత వేరు కాబట్టి ఈ ఒక్క పోలికతో ఏదీ రుజువైపోదు. అయినా ఒక ప్రభుత్వం సినిమా హాలును నడవనిచ్చి ప్రాథమిక పాఠశాలను మూసిందంటే ఏది అత్యవసరమో అది నిర్ణయించుకున్నట్టే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ జనవరిలో బడులు తెరిచినందుకు ప్రతిపక్షాల నుంచి, తల్లిదండ్రుల నుంచి గట్టి విమర్శలొచ్చాయి. ఆ ఒక్క నిర్ణయం వరకు ప్రభుత్వం చేసింది సరైనదేనని నేననుకుంటున్నాను.

రేపు వచ్చే రోగం కరోనాలాగే ఉంటుందని హామీ లేదన్న మాట ఒప్పుకోవాలి. ఫ్లూ పిల్లల ద్వారానే వేగంగా పాకుతుంది. నిపా లాంటిది ఎక్కడ కనిపించినా, 2023 సెప్టెంబర్‌లో కోజికోడ్‌లో చేసినట్టు, ఆ చుట్టుపక్కల బడులన్నీ వెంటనే మూయాల్సిందే. కాబట్టి మొదటి రెండు, మూడు వారాలు రోగం తీరు తెలియనప్పుడు బడులు మూయడాన్ని నేను తప్పుపట్టను. 2020 మార్చిలో మూసింది అలాగే, అది సబబే. ఆ తర్వాత ఎవరిని చంపుతోంది, ఎవరి ద్వారా పాకుతోంది అన్నవి తేలాక కూడా అదే ఉత్తర్వును నెలనెలా పొడిగించడమే తప్పు. 1918 ఫ్లూలో న్యూయార్క్ ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ బడులు మూయలేదు. పిల్లల్లో నూటికి డెబ్బై అయిదు మంది ఇరుకు గదుల ఇళ్లలో ఉన్నారు, వాళ్లకు రోజూ నర్సు చూసే బడే మేలన్నది ఆయన లెక్క. బడికి నర్సు ఉండబట్టే ఆ లెక్క నిలబడింది. మన ప్రాథమిక పాఠశాలకు నర్సు లేదు, ఊరికి ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఉన్నారు. మళ్లీ ఇలాంటి రోజు వస్తే వాళ్లు వారానికి ఎన్నిసార్లు బడికి రావాలి, జ్వరం తగిలిన పిల్లవాణ్ని ఎవరు పరీక్షించాలి, ఎన్ని కేసులు దాటితే ఆ ఒక్క బడిని, ఎన్ని రోజులు మూయాలి అన్నవి జిల్లా కలెక్టర్, వైద్యాధికారి, డీఈవో కూర్చుని ఇప్పుడే రాసుకోవచ్చు. టీచర్ల పేర్లు టీకా మొదటి జాబితాలో చేర్చే ఉత్తర్వుకూ రోగం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ‘నాడు-నేడు’, ‘మన ఊరు-మన బడి’ పథకాల్లో రంగులకు, గ్రీన్ బోర్డులకు, ప్రహరీ గోడలకు డబ్బు పెట్టగలిగిన ప్రభుత్వాలకు ప్రతి గదికీ ఎదురెదురుగా తెరుచుకునే రెండు కిటికీలు, వాటికి దోమతెర వేయించడం పెద్ద ఖర్చు కాదు. హాస్టళ్లలో ఆ పని ముందు మొదలుపెట్టాలి.