అడుగు మొక్క

సంక్రాంతి వెళ్ళిన వారానికి గులాబి మొక్కల బండి మా వీధిలోకి వస్తుంది. రోహిణి కార్తె వెళ్ళిన వారానికి ఆ గులాబీలను గురించిన ప్రశ్నలు నా దగ్గరకు వస్తాయి. "నాలుగు కొన్నాం, నాలుగూ పోయాయి. మా చేతి గుణం అంతేనేమో!" అని దిగాలు పడతారు. చేతి గుణం మాట అటుంచండి. గులాబీలను పోగొట్టుకోవడంలో నేను మీకెవరికీ తీసిపోను.

మాది తెనాలి. పెరడంతా నల్లమట్టి, వానకు అడుసు, యెండకు నెరియలు. ఆ నేలలో మూడేళ్ళు వరసగా పెద్ద పూల అంటు గులాబీలు నాటాను. ఒకటి పసుపు, ఒకటి నారింజ, ఒకటి నలుపులో కలిసిపోయే యెరుపు. నాటిన నెలలో ఒక్కో పువ్వు చారెడంత పూసేది. వీధిలో వాళ్ళు వచ్చి చూసిపోయేవారు. వైశాఖం వచ్చేసరికి కొమ్మ చివర నల్లబడి, ఆ నలుపు రోజుకింత చొప్పున కిందికి దిగేది. మళ్ళీ సంక్రాంతి, మళ్ళీ బండి.

అదే పెరట్లో బావి వెనక మా అత్తగారు పెట్టిన నాటు గులాబి ఒకటి వుండేది. నిలువెత్తు పొద. దానికి పోసేది కాళ్ళు కడుక్కున్న నీళ్ళు. కత్తెర పట్టిన వారు లేరు, మందు కొట్టిన వారు లేరు. అయినా తెల్లవారేసరికి పదో పన్నెండో పూలుండేవి. అత్తగారు నాలుగు దేవుడికి పెట్టి, మిగిలినవి పిల్లల జడల్లోకి పంచేవారు.

"ఆ అంటులకు చేసే సేవలో పావు వంతు దీనికి చెయ్యవే," అనేవారు.

"వాసన తప్ప దానికేముందండీ?" అనేదాన్ని. నా తెలివి అంతవరకే.

మూడో యేడు శ్రావణంలో, పోయిందనుకున్న యెర్ర అంటు మొదట్లోంచి రెండు పిలకలు లేచాయి. బతికిందని సంబరపడి రోజూ వెళ్ళి చూసుకున్నాను. దసరా నాటికి పూసింది. యెరుపు కాదు! లేత గులాబి రంగు ముద్ద పువ్వు. వాసన యెక్కడో యెరిగిన వాసన. పువ్వు తుంచి బావి వెనక్కు తీసుకెళ్ళి పక్కన పెట్టి చూశాను. రేకుకు రేకు, ఆకుకు ఆకు సరిపోయాయి. అత్తగారు చూసి, "డబ్బు పోసి మన పువ్వునే కొనుక్కొచ్చావన్న మాట," అని నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

జరిగింది యిది. అంటు గులాబిలో రెండు మొక్కలుంటాయి. మనం మోజుపడి కొనే పువ్వు పైది. దానికి సొంత వేళ్ళు లేవు. గట్టి జాతి మొక్క ఒకదాని కాండం మీద దాని కన్ను అతికిస్తారు. పై మొక్క యెండకు ఓడిపోయినా కింది మొక్క నేలలో బతికే వుండి పిలక వేస్తుంది. మన దేశంలో అలా అడుగున వాడే మొక్కల్లో ఎడ్వర్డు గులాబి ఒకటి. మా బావి వెనక పొద అదే!

ఎడ్వర్డు పేరు విని ఇంగ్లండు రాజుగారిని తలుచుకోనక్కరలేదు. దీని పుట్టిల్లు హిందూ మహాసముద్రంలో మడగాస్కరు పక్కనున్న చిన్న దీవి. ఇప్పుడు రీయూనియన్ అంటున్న ఆ దీవికి అప్పట్లో బూర్బన్ అని పేరు. అక్కడి రైతులు పొలాల చుట్టూ రెండు రకాల గులాబీలను కంచెగా వేసేవారు. ఒకటి నెలనెలా పూసే చైనా గులాబి, ఒకటి అత్తరు వాసన గల డమాస్కస్ గులాబి. ఆ రెంటికీ తేనెటీగలే పెళ్ళి చేసి వుంటాయి. కంచెలో కొత్త మొక్క లేచింది. తల్లిలా నెలనెలా పూసింది, తండ్రిలా వాసన వేసింది. 1819లో దాని గింజలు ఫ్రాన్సు చేరి, అక్కడ బూర్బన్ గులాబీలని ఒక పెద్ద వంశమే బయలుదేరింది. కంచెలో పుట్టినది గనుక దానికి గారాబం తెలియదు.

తమిళనాడు పూల రైతులకు ఎడ్వర్డూ తెలుసు, 'ఆంధ్రా రెడ్' అనే యెర్ర గులాబీ తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారయితే కొడైకెనాల్‌లో స్థిరపడి, మన దేశపు అడవి గులాబీలతో సంకరం చేసి వేడి ప్రాంతాలకు తట్టుకునే రకాలనే పుట్టించారు. చలిదేశపు పువ్వును మన యెండలో ఆరబెట్టి మన చేతి గుణాన్ని తిట్టుకోవడం కంటే యిది మంచి పద్ధతి కాదూ?

నాకు యింత జ్ఞానోదయమయ్యాక ఆ పొదను బాగా చూసుకున్నానని చెప్పాలని వుంది. చెప్పలేను. అత్తగారు పోయిన మరుసటి చైత్రంలో పెరడు పంపకాలకు వచ్చి, బావి వైపు భాగం మా మరిదిగారికి వెళ్ళింది. బావి పూడ్చి గది వేస్తామని, మూడు రోజుల్లో పని మొదలని కబురు చేశారు. గులాబి కొమ్మ నాటడానికి అంతకంటే చెడ్డ కాలం లేదు. అయినా ముప్ఫై కొమ్మలు కోసుకొచ్చి, వేపచెట్టు నీడన యిసుక పోసి గుచ్చాను. రెండు వారాలకు ఇరవై పైగా చిగిర్చాయి. ఆనందం పట్టలేక ఒకటి పైకి లాగి చూశాను. కింద ఒక్క వేరు లేదు!

యిక్కడే చాలామంది మోసపోతారు. మొదటి చిగురు కొమ్మలో దాచుకున్న సత్తువతో వస్తుంది. వేరు తరువాత పుడుతుంది. యీలోగా యెండ తగిలినా, తడి ఆరినా, నాలాంటివాళ్ళు లాగి చూసినా అంతే సంగతులు. ముప్ఫైలో అయిదు బతికాయి.

మీరు అక్టోబరు, డిసెంబరు మధ్య నాటండి. యింతకు రెట్టింపు కంటే యెక్కువే దక్కుతాయి. పువ్వు పూసి రాలిన, పెన్సిలంత లావు కొమ్మ తీసుకోండి. యెనిమిది అంగుళాలు, నాలుగైదు కళ్ళు వుండాలి. అడుగున కంటికి కిందుగా వాలుగా కోసి, ఆకులు దూసి, మూడింట రెండు వంతులు మట్టిలోకి పోయేలా గుచ్చండి. మట్టిలో సగం యిసుక. రెండు మూడు నెలలు నీడలో వుంచి, ఆ తరువాత చోటు మార్చండి.

చోటంటే యెండ తగిలే చోటు. పూటంతా యెండ పడాలి. ఉదయపు యెండ మరీ మంచిది. నల్లరేగడి అయితే గొయ్యి తవ్వి నాటవద్దు, అది గిన్నెలా నీళ్ళు పట్టుకుని వేళ్ళను కుళ్ళబెడుతుంది. జానెడు యెత్తు దిబ్బ చేసి, యిసుకా, బాగా మాగిన పశువుల యెరువూ కలిపి దాని మీద నాటండి. మొదటి వేసవి మాత్రం నీళ్ళు తప్పకూడదు. రెండో యేటి నుంచి నాలుగు రోజులకొకసారి కడుపునిండా పోస్తే చాలు. మొదట్లో యెండుటాకులు మూడు అంగుళాల మందాన పరవండి, కాండానికి తగలనివ్వకండి. ఆకుల కింద చెదలు చేరతాయి, గుప్పెడు వేపపిండి చల్లండి.

కత్తెర పని యేడాదికొకసారి, వానలు వెనకపట్టాక. యెండినవీ, ఒకదానికొకటి రాసుకునేవీ తీసేస్తే సరి. అంటు గులాబిని నరికినట్టు మోకాలెత్తుకు నరికితే పొద చిన్నబోతుంది. వానాకాలం ఆకు మీద నల్లమచ్చలు వస్తాయి. రాలినవి యేరేయండి, మొక్కకేమీ కాదు. లేత మొగ్గల మీద పేనుబంక చేరితే మందు కోసం పరుగెత్తకండి. వారం ఆగితే అక్షింతల పురుగులు వచ్చి వాటిని తింటాయి. మందు కొడితే ముందు చచ్చేవి అవే! ఆకు అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రని ముక్కలు పోయివుంటే, అది ఒక రకం తేనెటీగ గూటికి తీసుకుపోయిన సామాను. పోనివ్వండి. చుట్టూ బంతి, తులసి, మరువం వాటి యిష్టాన వాటిని పెరగనివ్వండి. కిందటి యేడు మా పొదలో పిగిలిపిట్ట గూడు పెట్టింది. ఆ ముళ్ళలోకి పిల్లి కూడా చెయ్యి పెట్టలేదు.

లోపాలు లేవా? వున్నాయి. పొద్దున కోసిన పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది, పూలకూజాకు పనికిరాదు. రంగు ఒక్కటే. ముళ్ళు చీరను వదలవు. అంటు గులాబి మీద మోజు తీరనివారు దాన్నీ పెట్టుకోవచ్చు; అతుకు కిందనుంచి వచ్చే పిలకను మాత్రం మొదట్లోనే చీల్చెయ్యండి. యేడు ఆకులుంటే దొంగ పిలక అని చెప్పే లెక్క నమ్మకండి, యెక్కడినుంచి లేచిందో చూడండి.

నా అయిదింటిలో ఒకటి కుండీలో హైదరాబాదు వెళ్ళి మా అమ్మాయి వరండాలో పూస్తోంది. మొన్న కార్తీకంలో మా తోటికోడలు వచ్చి, గది వెనక కాస్త చోటు మిగిలింది, ఒక కొమ్మ వుంటే బాగుండునని నెమ్మదిగా అడిగింది. ఆరు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి యిచ్చాను. చిగురు చూసి లాగవద్దని మాత్రం రెండుసార్లు చెప్పాను.