మాస్కు తీసివేసిన రోగిని నిందించే ముందు అతని కడుపును అడగండి

కొల్లేటి చేపల రైతు తెల్లవారుజామున మూడు గంటలకే లేచి చెరువుగట్టుకు వెళతాడు. రాత్రివేళ నీటిలోని నాచు ప్రాణవాయువును తయారు చేయదు. చేపలు, నాచు, అడుగు బురద కలసి ఉన్నదానిని వాడుకుంటాయి. అందువలన సూర్యోదయానికి ముందు చెరువులో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే రైతు క్షణమైనా ఆలస్యం చేయడు. వెంటనే ఏరేటర్లు తిప్పుతాడు.

అదే రైతు తన మంచం మీద నిద్రించేటప్పుడు గొంతు మూసుకుపోయి, రక్తంలో ప్రాణవాయువు పడిపోయి, గుక్క తిప్పుకోలేక ఉలిక్కిపడుతుంటే ఇంటిల్లిపాది ఏమంటారు? “పాపం, అలసిపోయాడు, గుర్రుపెట్టి హాయిగా నిద్రపోతున్నాడు” అంటారు. చేపకు దక్కిన శ్రద్ధ మనిషికి దక్కటం లేదు.

ఈ వ్యాధి పేరు స్లీప్ ఆప్నియా. తెలుగులో నిద్రాశ్వాసభంగం అనవచ్చు. నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోవటం వలన ఊపిరి పది సెకనులు, అంతకంటె ఎక్కువసేపు ఆగుతుంది, లేదా బాగా తగ్గిపోతుంది. గంటకు ఇటువంటి భంగాలు 5 నుంచి 15 వరకు ఉంటే స్వల్పమనీ, 15 నుంచి 30 వరకు ఉంటే మధ్యస్థమనీ, 30 దాటితే తీవ్రమనీ లెక్క. దీనిని నిర్లక్ష్యం చేసినవారిలో రక్తపోటు, గుండె లయ తప్పటం, పక్షవాతం ఎక్కువగా కనబడతాయి. పగటి మగత సరేసరి.

దీనికి మంచి చికిత్స ఉన్నది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివాన్, ఆయన సహచరులు ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించిన సీప్యాప్ యంత్రమది. ముక్కుకు తగిలించిన మాస్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలిని పంపి, గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది. వాడినవారికి అది గొప్ప ఉపకారి. చిక్కల్లా వాడటంలోనే ఉన్నది. నూటికి 70 రాత్రులైనా, రాత్రికి కనీసం 4 గంటలైనా పెట్టుకుంటేనే ‘వాడుతున్నారు’ అని వైద్యలోకం సాధారణంగా లెక్క వేస్తుంది. ఆ గీతను దాటలేనివారు చాలామంది. వారిని మనం ‘మాట వినని రోగులు’ అంటున్నాము. నా అభియోగం ఈ మాట మీదనే.

అటకెక్కిన యంత్రం

కైకలూరు సమీపంలోని ఒక లంక గ్రామం నుంచి యాభై ఏళ్ళు దాటిన రైతు ఒకరు నా వద్దకు వచ్చారు. అప్పు చేసి కొన్న యంత్రం అటక మీద ఉన్నది.

“పెట్టుకుంటే గుండెల్లో మంటండి, డాక్టరుగారూ. పొద్దున్నకి కడుపు డప్పులా ఉబ్బుద్దండి.”

“రాత్రి భోజనం ఎన్ని గంటలకు?”

“చెరువు పని చూసుకుని వచ్చేసరికి పదిన్నర అవుద్దండి.”

“ఆ తరువాత?”

“ఇంకేముందండి, పడుకోటమే. పడుకునేముందు గ్యాసు బిళ్ళ వేసుకుంటానండి.”

ఈ మూడు ప్రశ్నలకు పట్టిన సమయం అర నిమిషం. యంత్రం వ్రాసి ఇచ్చినవారు, అమ్మినవారు, రెండుసార్లు మందలించి పంపినవారు ఎవరూ ఈ ప్రశ్నలు అడగలేదు. ఆయన భోజనాన్ని ముందుకు జరిపించి, మందు వేళ మార్పించి, మంచం తలవైపు ఎత్తు చేయించి, యంత్రపు ఒత్తిడిని నిద్రావైద్యుని చేత సరిచూపించాము. కొన్ని వారాలకు యంత్రం అటక దిగింది. ఒక్క రోగి అనుభవం శాస్త్రం కాదని నాకు తెలుసు. కాని అడగని ప్రశ్నకు జవాబు దొరకదన్నది శాస్త్రానికి మునుపటి సత్యం.

ఒకదానికొకటి ఆజ్యం

అన్ననాళం చివర, జఠరంలో కలిసేచోట ఒక కండరపు కవాటం ఉన్నది. అది సడలినప్పుడు జఠరంలోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. దీనినే ఆమ్ల తిరోగమనం అంటాము. పగలు లాలాజలమూ, మ్రింగటమూ ఆ ఆమ్లాన్ని కడిగివేస్తాయి. నిద్రలో లాలాజలం ఊరదు, మ్రింగటం దాదాపు ఆగిపోతుంది, పడుకోవటం వలన భూమ్యాకర్షణ తోడ్పాటు ఉండదు. అందువలన రాత్రి పైకి వచ్చిన ఆమ్లం అన్ననాళంలో చాలాసేపు నిలుస్తుంది. మంట, దగ్గు, పొలమారటం, తెలియకుండానే మెలకువలు కలుగుతాయి.

ఇటువంటి మనిషికి మాస్కు పెడితే, ఒత్తిడితో వచ్చే గాలిలో కొంత అన్ననాళంలోకి పోవచ్చు. కవాటం సడలి ఉన్నవారిలో ఇది మరింత సులభం. గాలితో జఠరం ఉబ్బుతుంది, ఉబ్బిన జఠరం కవాటాన్ని మళ్ళీ సడలిస్తుంది, ఆమ్లం మళ్ళీ పైకి వస్తుంది. అప్పుడు రోగి మాస్కును పీకి పారవేయటం మొండితనమా, ఆత్మరక్షణా?

మరొక సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. యంత్రాన్ని ఓర్చుకుని సరిగా వాడగలిగిన అనేకులలో రాత్రి తిరోగమనం తగ్గుతుంది. అనగా యంత్రం కడుపుకు శత్రువు కాదు. మొదటి కొద్ది వారాలు దాటించటమే కష్టం. అక్కడే వైద్యుడు చేయి అందించాలి.

ముగ్గురి మీద నా ఫిర్యాదు

మొదటిది, మా వృత్తి మీద. కడుపు వైద్యుడు గురక గురించి అడగడు, నిద్రావైద్యుడు గుండెమంట గురించి అడగడు. ఊబకాయం రెండు వ్యాధులకూ ఉమ్మడి మూలమని ఇద్దరికీ తెలుసు. “ఓపీలో వందమంది ఉంటారు, ఎక్కడ అడుగుతాము?” అని మిత్రులు అంటారు. అర నిమిషపు ప్రశ్న అడగనందుకు ఆ రోగి మరి నాలుగుసార్లు అదే ఓపీకి వస్తున్నాడు. లెక్క వేసుకోండి.

రెండవది, గ్యాసు బిళ్ళల సంస్కృతి మీద. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి మంచి మందులే. కాని భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటేనే అవి బాగా పనిచేస్తాయి. భోజనమైన తరువాత, పడుకోబోతూ మ్రింగితే వాటి బలం చాలావరకు వృథా. డాంపెరిడోన్ కలిసిన గొట్టాలను సలహా లేకుండా నెలల తరబడి వాడితే కొందరిలో గుండె లయ దెబ్బతినే ప్రమాదం కలదు. అన్నిటికంటె ఘోరం, ఛాతీ నొప్పిని ‘గ్యాసు’ అనుకుని బిళ్ళతో సరిపెట్టటం. నొప్పి చేతికో దవడకో ప్రాకినా, చెమట పట్టినా, ఆయాసం వచ్చినా దుకాణానికి కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి.

మూడవది, మన రాత్రి భోజనం మీద. పది దాటాక పులుసూ, వేపుడూ, ఆవకాయా కలిపి కడుపు నిండా తిని వెంటనే నడుము వాల్చటం మన డెల్టాలో దర్జా అయిపోయింది. పైగా మద్యం తోడైతే అది గొంతునూ కవాటాన్నీ ఏకకాలంలో సడలిస్తుంది. నిద్ర పట్టటం లేదని స్వంతంగా వేసుకునే నిద్రమాత్రలు శ్వాసభంగాన్ని మరింత పెంచవచ్చు.

“అయితే మందు చాలు గదా?”

చాలదు. ఈ వ్యాసం చదివి ఎవరైనా మాస్కు మాని బిళ్ళ పట్టుకుంటే నా శ్రమ వ్యర్థమే కాదు, హానికరం కూడా. ఆమ్లం తగ్గించే మందులపై జరిగిన చిన్న అధ్యయనాలలో పగటి మగత కొంత తగ్గినట్లు కనిపించినది గాని, శ్వాసభంగాల సంఖ్య నిలకడగా తగ్గలేదు. గొంతు మూసుకుపోవటానికి చికిత్స యంత్రమే. కడుపు చికిత్స ఆ యంత్రానికి దారి సుగమం చేస్తుంది, అంతే. అంతే గాని, ఆ ‘అంతే’ లేక ఎందరి యంత్రాలో అటకెక్కాయి.

చేయవలసినవి కష్టమైనవి కావు. నిద్రకు మూడు గంటల ముందే భోజనం ముగించండి. మంచం తలవైపు కాళ్ళ క్రింద ఇటుకలు పెట్టి 6 నుంచి 8 అంగుళాలు ఎత్తు చేయండి. రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగి కడుపు నొక్కుకుపోతుందే తప్ప ప్రయోజనం తక్కువ. ఎడమ ప్రక్కకు తిరిగి పడుకోండి. ఆ భంగిమలో జఠరం అన్ననాళం కంటె దిగువన ఉంటుంది. వెల్లకిల పడుకోవటం మానితే గురక కూడా తగ్గవచ్చు. బరువు తగ్గండి, పొగ మానండి. యంత్రంతో కడుపు ఉబ్బితే దానిని కట్టివేయక, ఒత్తిడినీ మాస్కునూ సరిచూడమని అడగండి. ఆమ్లపు మందులను వైద్యుని సలహాతో, అవసరమైనంత కాలమే వాడండి. మ్రింగటం కష్టమైనా, నెత్తురు వాంతి అయినా, మలం నల్లబడినా, కారణం లేక బరువు తగ్గినా ఎండోస్కోపీని వాయిదా వేయవద్దు.

ఇది ఒక్క ఇంటి బాధ కాదు. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి తాడేపల్లిగూడెం మార్కెట్టుకు ఉల్లి తెచ్చే లారీలు రాత్రంతా నడుస్తాయి. నిద్ర చాలని చోదకుడు 16వ నంబరు జాతీయ రహదారి మీద రెప్ప వాల్చితే పోయేవి అతని ప్రాణాలు మాత్రమే కావు.

2020 డిసెంబరులో ఏలూరు వీధులలో మనుషులు మూర్ఛలతో పడిపోయినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ నుంచీ, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచీ నిపుణులు కదలివచ్చారు. అది అందరి కంటా పడిన వ్యాధి. మూసిన తలుపుల వెనుక, చీకటిలో ఊపిరి ఆగేవారి కోసం ఎవరూ కదలిరారు. అక్కడ ఉన్న నిపుణులు ప్రక్కన పడుకున్న భార్యో, భర్తో మాత్రమే. అమ్మా, అయ్యా, ఈ రాత్రి ఒక్కసారి చెవి ఒగ్గి వినండి. గురక మధ్యలో ఆగి, నిశ్శబ్దం తరువాత గుక్క తిప్పుకున్న చప్పుడు వినిపిస్తే, రేపు వైద్యునికి ఆ సంగతి చెప్పండి. గుండెమంట సంగతి ఆయన అడగకపోయినా మీరే చెప్పండి.