చీకట్లో కారుకు వెలుగు పూత

ఫొటోగ్రాఫు అనే మాటకు గ్రీకు మూలాన్ని బట్టి వెలుగుతో రాసినదని అర్థం. మనవాళ్ళు దాన్ని ఛాయాచిత్రం చేశారు. వాళ్ళు వెలుగంటే మనం నీడ అన్నామేమిటండీ అని తరగతిలో ఏటా ఎవరో ఒక కుర్రవాడు అడుగుతాడు. ఛాయ అంటే నీడ ఒక్కటే కాదు. కాంతి అనీ, ప్రతిబింబమనీ కూడా అర్థాలున్నాయి. ఈ మూడూ ఒక్కచోట కూడిన ఫొటో ఒకటి ఇప్పుడు కర్నూలులో మా మిత్రుడి ఇంటి హాల్లో ఉంది. అది తీసిన రాత్రి నేనూ అక్కడ ఉన్నాను గనుక ఈ వారం ఆ ముచ్చట.

ఫొటోలో ఉన్నది నల్ల అంబాసిడర్ కారు, 1971 నాటిది. మిత్రుడి తండ్రిగారు వకీలుగా ఉన్న రోజుల్లో కొన్నారు. కర్నూలుకూ అంబాసిడర్‌కూ మొదట్లో ముహూర్తం కుదరలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయి, గుడారాల్లో ఆఫీసులు నడిపిన ఊరు ఇది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. ఆ తరువాతగానీ అంబాసిడర్ పుట్టలేదు. మంత్రులు వెళ్ళిపోయాక వకీళ్ళకూ డాక్టర్లకూ అది వాహనమైంది. 2014లో ఉత్తరపారా కర్మాగారం మూతపడేదాకా దేశంలో దాని రూపు పెద్దగా మారలేదు.

నాలుగేళ్ళుగా షెడ్డులో పడివున్న ఆ బండిని పాత ఇనుము కింద అమ్మేద్దామని మిత్రుడి ఆలోచన. వ్యాపారి వచ్చి బేరం కూడా చెప్పి పోయాడు. పోయేముందు ఒక మంచి ఫొటో ఉంటే బాగుంటుందని, కడపలో పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే నా పాత విద్యార్థిని పిలిపించాడు. వాడు బండిని చూసి, “పగలు వద్దు సార్, అమావాస్యకు పెట్టుకుందాం” అన్నాడు. ఏమిరా, బలి ఇస్తావా అన్నాను.

సంగతేమిటంటే, నల్లకారు అద్దం వంటిది. దాని మీద ఫ్లాషు కొడితే ఒకచోట తెల్లని మచ్చ పడి, తక్కినదంతా బొగ్గుకుప్పలా ఉంటుంది. అందుకే పెద్ద స్టూడియోలలో కారు పైన ఇంటికప్పంత దీపాన్ని వేలాడదీస్తారు. ఆ కప్పు రేకు మీద ప్రతిఫలిస్తేనే బానెట్టు వంపూ, డిక్కీ గుండ్రదనమూ కంటికి తెలుస్తాయి. అంత స్టూడియో మనకు ఎక్కడిది? మనకున్నది చీకటి. కెమేరాను స్టాండు మీద కదలకుండా బిగించి, కన్ను అరనిమిషం తెరిచి ఉంచుతారు. ఆ అరనిమిషంలో ఒక మనిషి బారెడు ట్యూబులైటు ఎత్తిపట్టుకొని కారు వెంట ఒకే వేగంతో నడుస్తాడు. వేలెడు వెడల్పున్న వెలుగే నడిచి నడిచి కెమేరాలో కప్పంత వెలుగు అవుతుంది. నడిచినవాడు మాత్రం ఫొటోలో కనిపించడు. నల్లబట్టలు వేసుకొని కదులుతూ ఉంటాడు గనుక అతని గుర్తు నిలవదు. గొట్టం కూడా పడకుండా కెమేరా వైపు నల్లగుడ్డ కడతారు. తెల్లచొక్కాతో వెళ్ళిన నన్ను దూరంగా ఒక బండ వెనుక నిలబెట్టారు.

ఈ విద్య కొత్తదేమీ కాదు. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ దంపతులు 1914 ప్రాంతంలోనే కూలీల చేతులకు చిన్న దీపాలు కట్టి, పనిలో వృథా కదలికలు ఎన్నో ఫొటోలలో చూశారు. 1949లో గ్యాన్ మిలీ అనే ఫొటోగ్రాఫరు చీకటిగదిలో పికాసో చేతికి చిన్న దీపమిస్తే, ఆయన గాలిలో బొమ్మలు గీశాడు.

మేము వెళ్ళింది ఓర్వకల్లు దగ్గర, రాళ్ళగుట్టల పక్కన ఒక బీడుకు. బండిని లారీ మీద తీసుకుపోయారు. తేమలేని గాలి, నిర్మలమైన ఆకాశం. అయితే నంద్యాల రోడ్డున లారీ వచ్చినప్పుడల్లా దాని దీపాలు పడి ఆ ఫొటో పాడయ్యేది. ఇక దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. తుడిచిన అయిదు నిమిషాలకే నల్లరేకు మీద నక్షత్రాలు పొడిచేవి. నేల తడిపితే కారు నీడ నేలమీద కూడా మెరుస్తుందని మావాడు బిందె అడిగాడు. “తాగనీకి తెచ్చినవి సామీ అవి!” అని డ్రైవరు బిందెకు అడ్డం నిలబడ్డాడు. కప్పుకు ఒకటి, పక్కలకు ఒకటి, చక్రాలకు ఒకటి, ఇలా పన్నెండు ఫొటోలు తీసి, తరువాత కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి వేసి కలిపాడు.

వారం తిరక్కుండా ఫొటో వచ్చింది. చీకట్లోంచి కారు అప్పుడే లేచి వస్తున్నట్టుంది. తలుపుల పొడవునా వెలుగు లాగికట్టిన దారంలా సాగి, వెనుక తలుపు దగ్గర ఒక్కసారి మెలితిరిగింది. అక్కడ సొట్ట ఉంది. పగటివేళ ఇన్నేళ్ళూ ఎవరి కంటా పడలేదు. టింకరింగు పనివాళ్ళు కూడా సొట్టలు వెదికేది ట్యూబులైటు ప్రతిబింబంలోనే.

“దీన్ని ఒక్క నిమిషంలో చెరిపేస్తాను సార్” అన్నాడు మావాడు.

మిత్రుడి తల్లిగారు కళ్ళజోడు సవరించుకొని దగ్గరగా చూశారు. “వద్దు నాయనా, ఉండనీ. నీళ్ళొచ్చినప్పుడు తగిలిన దెబ్బ గదా అది. మేమంతా మిద్దె మీద ఉంటిమి, బండి ఒక్కటే కింద మునిగె” అన్నారు.

2009 అక్టోబరు 2న తుంగభద్రా, హంద్రీ కలిసి ఊరిమీద పడ్డ సంగతి కర్నూలువాళ్ళకు చెప్పాలా? ఆ వరదలో ఏ దుంగ కొట్టుకువచ్చి గుద్దిందో! వకీలుగారు ఆ తరువాత ఇంజను విప్పించి, బురద కడిగించి, ఆరునెలలకు బండిని మళ్ళీ రోడ్డెక్కించారట. తలుపు సొట్ట మాత్రం ఆయనా చూసుకోలేదు. నన్నడిగితే, ఇప్పటి ఫొటోలవాళ్ళు పెళ్ళికూతురి పుట్టుమచ్చ దగ్గరనుంచి అన్నీ చెరిపేస్తున్నారు. సొట్ట పోతే అది మరెవరి కారైనా కావచ్చు.

ఇంకొక మాట కూడా మిత్రుడి చెవిన వేశాను. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపు మారని బండ్లకు 2021లో కేంద్రప్రభుత్వం ప్రత్యేకంగా వింటేజి రిజిస్ట్రేషను పెట్టింది. రుసుము ఇరవైవేలు, గడువు పదేళ్ళు. రోజూ తిప్పకూడదు, బాడుగకు తోలకూడదు. ప్రదర్శనలకూ పోటీలకూ తీసుకుపోవచ్చు. ఇరవైవేలు అనగానే మావాడు తల గోక్కున్నాడు.

మొన్న ఇనుపసామాను వ్యాపారి మళ్ళీ వచ్చాడు. మిత్రుడు గేటు దగ్గర అతనితో మాట్లాడుతూ ఉండగా, లోపలినుంచి తల్లిగారు కేకేశారు: “ఒరేయ్, ఆ బండికి టైర్లు ఏమాత్రం పడతాయో కూడా కనుక్కోరా!”