ఆనవాలు చెప్పాల్సింది ఎవరు?

2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక న్యాయస్థానం వాకపల్లి కేసులో తీర్పు చెప్పింది. నిందితులైన పదమూడు మంది గ్రేహౌండ్స్ పోలీసులనూ విడిచిపెట్టింది. అదే తీర్పులో, ఫిర్యాదు చేసిన మహిళలకు నష్టపరిహారం ఇవ్వమంది. నేరం రుజువు కాలేదంటూనే పరిహారం ఇమ్మనడం పైకి పొంతన లేనట్టే ఉంటుంది. కానీ కోర్టు చూపిన కారణం చదివితే చిక్కు విడిపోతుంది. దర్యాప్తు చేయాల్సినవాళ్ళు దాన్ని నిష్పాక్షికంగా చేయలేదని, కేసు నిలవకపోవడానికి ముఖ్య కారణం అదేనని న్యాయస్థానం తేల్చింది. 2007 ఆగస్టు 20 వేకువన పాడేరు మన్యంలో, జి.మాడుగుల మండలం నుర్మతి పంచాయతీకి చెందిన వాకపల్లి అనే కోందు గూడేనికి కూంబింగ్ దళం వచ్చింది. తమలో పదకొండు మంది మీద అత్యాచారం జరిగిందని అక్కడి ఆడవాళ్ళు చెప్పారు. చెప్పడానికి జంకలేదు, నెలల తరబడి దాచనూ లేదు. మానవ హక్కుల వేదిక వంటి సంస్థలు చివరిదాకా వెంట నిలిచాయి. పదిహేనేళ్ళు దాటాక వచ్చిన తీర్పు సారాంశం ఏమిటంటే, జరగాల్సిన సమయంలో జరగాల్సిన పని జరగలేదు.

ఆ పనుల్లో ఒకటి గుర్తింపు పరేడ్. అదేమీ బ్రహ్మవిద్య కాదు. మేజిస్ట్రేటు సమక్షంలో అనుమానితుణ్ణి అదే ఈడూ అదే ఒడ్డూపొడుగూ ఉన్న మరికొందరితో కలిపి వరసలో నిలబెడతారు. దర్యాప్తు పోలీసులు అక్కడ ఉండకూడదు. సాక్షి ఆ వరస ముందు నడుచుకుంటూ వెళ్ళి మనిషిని చూపించాలి. జ్ఞాపకం పచ్చిగా ఉండగా జరిగితేనే దానికి విలువ. వాకపల్లిలో అది జరగలేదు. ఆ మహిళలు గుర్తుపట్టాల్సిన మనుషులు అంతకుముందు ఎన్నడూ చూడనివాళ్ళు, ఒకే తీరు దుస్తుల్లో తుపాకులతో వచ్చినవాళ్ళు, ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారో కూడా తెలియనివాళ్ళు. 2012లో హైకోర్టు పదమూడు మంది మీద విచారణ జరగాల్సిందే అంది. 2017లో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో ముగించమంది. సాక్షులు బోనెక్కేసరికి పదేళ్ళు దాటిపోయాయి. తీర్పు వినకుండానే ఇద్దరు మహిళలు కన్నుమూశారు. విడుదలైన పదమూడు మందీ చట్టం దృష్టిలో నిర్దోషులు. దాన్ని తిరగదోడడం ఈ సంపాదకీయం ఉద్దేశం కాదు. మేమడుగుతున్నది వేరు. ఆ వేకువన ఆ గూడేనికి ఎవరెవరు వెళ్ళారో దళానికి తెలియదా? ఏ జట్టు ఏ క్యాంపు నుంచి ఎప్పుడు బయల్దేరింది, ఎవరికి ఏ నెంబరు తుపాకీ ఇచ్చారు, ఎన్ని తూటాలు ఇచ్చారు, తిరిగొచ్చాక ఎన్ని అప్పజెప్పారు అన్నది రాసుకోని సాయుధ దళం ఎక్కడా ఉండదు. తూటాకు లెక్క చెప్పించుకునే వ్యవస్థ మనిషి దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పిందంటే, ఆ తప్పు ఆడవాళ్ళ జ్ఞాపకశక్తి మీదికి నెట్టడం న్యాయం కాదు.

సాయుధ బలగాలు దిగిన ప్రాంతాల్లో స్త్రీలకు న్యాయం ఎందుకు అందడం లేదన్న ప్రశ్నకు మామూలుగా వినిపించే జవాబులు రెండు: నల్ల చట్టాలు, పురుషాధిపత్యం. రెండూ నిజమే. వాటి నీడలో మరో సంగతి మరుగున పడిపోతోంది. మన అత్యాచార చట్టాలు నలభై ఏళ్ళుగా సవరించుకుంటూ వచ్చింది ప్రధానంగా ఒక వాదాన్ని ఎదుర్కోవడానికి: ఆమె ఇష్టపడే వచ్చింది అనే వాదం. 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు పోలీసుల్ని వదిలేసింది ఆ వాదంతోనే. అదే ఏడాది హైదరాబాదులో, పోలీసులు అత్యాచారం చేశారన్న రమీజాబీ ఉదంతం రాష్ట్రాన్ని కుదిపింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టినా, కేసు రాయచూరుకు బదిలీ అయ్యాక నిందితులు బయటపడ్డారు. ఆ ఆగ్రహాల ఫలితంగానే 1983 సవరణ వచ్చింది. కస్టడీలో ఉన్న స్త్రీ తనకు సమ్మతి లేదంటే, లేదనే కోర్టు భావించాలి. యూనిఫాం ముందు సమ్మతి అనే మాటకు అర్థం లేదని చట్టం ఒప్పుకోవడం చిన్న విజయమేమీ కాదు. అయితే కూంబింగ్‌కు వెళ్ళిన ఊళ్ళో దళం తరఫున వచ్చే వాదం సమ్మతి గురించి కాదు. అసలేమీ జరగలేదు; జరిగినా అది మేము కాదు; మేమే అయినా మాలో ఎవరో మీరే చెప్పండి. ఈ మూడో మాటకు మన చట్టంలో జవాబు లేదు. పోలీస్ స్టేషన్ గోడల మధ్య ఆమెను ఎవరు పట్టి ఉంచారో కనీసం డ్యూటీ రిజిస్టరు చెబుతుంది. ఊరంతా చుట్టుముడితే ఊరే కస్టడీ, అక్కడ మాత్రం రిజిస్టరు ఆమెకు కనపడదు.

కశ్మీర్‌లోని కునన్, పోష్‌పోరా ఊళ్ళ సంగతి చూడండి. 1991 ఫిబ్రవరి 23 రాత్రి కుప్వారా జిల్లాలో ఆ జంట గ్రామాలను సైన్యం చుట్టుముట్టి సోదా చేసింది. మగవాళ్ళను ఇళ్ళ నుంచి బయటికి రప్పించి వేరే చోట ఉంచారు. ఆ రాత్రి తమపై సామూహిక అత్యాచారాలు జరిగాయని అక్కడి స్త్రీలు చెప్పారు. సోదా జరిగిందన్న విషయంలో వివాదం లేదు. వెళ్ళింది 4 రాజ్‌పుతానా రైఫిల్స్ అన్నదీ అందరికీ తెలుసు. అయినా పోలీసులు కేసు మూసేస్తూ రాసిన మాట, నిందితుల ఆచూకీ దొరకలేదని. పటాలం పేరు, తేదీ, ఊరు అన్నీ దొరికిన చోట దొరకనిది ఏమిటో! వైద్య పరీక్షలు జరిగింది మార్చి నడిమధ్యలో. మూడు వారాలు గడిచాక చేసిన పరీక్ష ఏమీ తేల్చలేకపోవడంలో వింతేమీ లేదు. ఆ తర్వాత వెళ్ళిన ప్రెస్ కౌన్సిల్ బృందం, బి.జి. వర్గీస్ వంటి పేరున్న సంపాదకుడి నాయకత్వంలో, ఆరోపణలు కల్పితమని తేల్చేసింది. పత్రికలవాళ్ళం కనుక ఈ విషయం దాటవేయలేము. ఆలస్యంగా చేసిన పరీక్షలో రుజువు లేకపోవడాన్ని నేరం లేకపోవడంగా లెక్కగట్టింది మన వృత్తివాళ్ళే. 2013లో కశ్మీరీ యువతులు కొందరు ముందుండి కదలించాక కుప్వారా మేజిస్ట్రేటు మళ్ళీ దర్యాప్తు చేయమన్నారు. ఆ ఉదంతం మీద వాళ్ళు రాసిన పుస్తకం, 2025 ఆగస్టులో జమ్మూకశ్మీర్ ప్రభుత్వం జప్తు చేయమన్న పాతిక పుస్తకాల్లో ఒకటి.

సరే, పేర్లు దొరికాయే అనుకుందాం. అప్పుడేమవుతుందో మణిపూర్ చెబుతుంది. 2004 జులై 10 అర్ధరాత్రి దాటాక ఇంఫాల్ దగ్గర బమోన్ కంపులో తంగ్‌జం మనోరమను 17వ అస్సాం రైఫిల్స్ ఇంటి నుంచి తీసుకెళ్ళింది. తీసుకెళుతూ ఇంటివాళ్ళకు అరెస్టు మెమో రాసిచ్చారు. అంటే ఏ దళం, ఎవరు అన్నదానికి కాగితమే సాక్ష్యం. తెల్లారేసరికి తూటా గాయాలతో ఆమె శవం దొరికింది. పారిపోబోతుంటే కాల్చామన్నారు. నాలుగు రోజుల తర్వాత, జులై 15న, అప్పట్లో అస్సాం రైఫిల్స్ కార్యాలయంగా ఉన్న కాంగ్లా కోట గేటు ముందు పన్నెండు మంది తల్లులు బట్టలు విడిచి నిలబడ్డారు. దేశానికి గుర్తుండిపోయింది ఆ దృశ్యమే. కానీ న్యాయం ఆగిపోయింది ఆ గేటు దగ్గర కాదు, సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టంలోని ఆరో సెక్షన్ దగ్గర. కేంద్రం ముందుగా అనుమతిస్తే తప్ప ఏ కేసూ నడపకూడదంటుంది అది. 1942లో క్విట్ ఇండియాను అణచడానికి తెల్లవాళ్ళు తెచ్చిన ఆర్డినెన్సుకు మనం 1958లో కట్టబెట్టిన రూపం ఆ చట్టం. మనోరమ విషయంలో విచారణ కమిషన్ నివేదిక ఏళ్ళ తరబడి వెలుగు చూడలేదు. 2014లో సుప్రీంకోర్టు ఆమె కుటుంబానికి పది లక్షలు ఇవ్వమంది. ఇక్కడా పరిహారమే. ఆ చట్టాన్ని పరిశీలించడానికి వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తెలుగువాడే, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. 2005 జూన్‌లో ఆయన కమిటీ దాన్ని రద్దు చేయమంది. ఆ కమిటీలో ఒక విశ్రాంత లెఫ్టినెంట్ జనరల్ కూడా ఉన్నారని గుర్తుంచుకోవాలి. రద్దు కోరేవాళ్ళంతా సైన్యానికి శత్రువులని వాదించేవారు ఈ సంగతి ఎత్తరు. ఇక అనుమతి సంగతి: జమ్మూకశ్మీర్ ప్రభుత్వం 2001 నుంచి అనుమతి కోరిన 50 కేసుల్లో 47 తిరస్కరించామని, మూడు పరిశీలనలో ఉన్నాయని 2018లో కేంద్రమే రాజ్యసభకు చెప్పింది.

వాకపల్లికి ఆ చట్టం వర్తించదు. అక్కడికి వెళ్ళింది సైన్యం కాదు, మన రాష్ట్ర పోలీసులే. అయినా ఫలితం మారలేదు. అందుకే ప్రత్యేకాధికారాల చట్టం పోతే చాలు, అంతా చక్కబడుతుందన్న వాదనతో మేము పూర్తిగా ఏకీభవించలేము. పోవాల్సిందే, సందేహం లేదు. కానీ తాళాలు రెండున్నాయి. అనుమతి అనే తాళం చట్టంలో కనిపిస్తుంది, దాని మీద పోరాటాలూ జరిగాయి. ఆనవాలు అనే తాళం దళం జేబులోనే ఉంటుంది. ఎవరి మీద ఆరోపణ వచ్చిందో వాళ్ళ దగ్గరే రుజువు కూడా ఉంటుంది, వాళ్ళ సోదరశాఖే దర్యాప్తు చేస్తుంది. అత్యాచార చట్టాల సంస్కరణకు వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ 2013 జనవరిలో ఈ రెండింటినీ పట్టుకుంది. లైంగిక నేరాలకు ఆరో సెక్షన్ రక్షణ తీసేయమంది. తన కింది సిబ్బంది అలాంటి నేరం చేస్తుంటే తెలిసీ, తెలియాల్సి ఉండీ ఆపని అధికారిని శిక్షించే కొత్త సెక్షన్ రాసిచ్చింది. పార్లమెంటు ఆ ఏడాది చేసిన సవరణలో సాయుధ బలగాల సభ్యుడు తనను నియమించిన ప్రాంతంలో చేసే అత్యాచారాన్ని మరింత తీవ్ర నేరంగా చేర్చింది. మామూలు ప్రభుత్వోద్యోగుల విషయంలో అనుమతి అక్కర్లేదంది. ఆరో సెక్షన్ జోలికి మాత్రం పోలేదు, అధికారి బాధ్యతను పక్కన పెట్టేసింది. శిక్ష పెంచి, శిక్ష దాకా వెళ్ళే దారి మూసి ఉంచడం అంటే ఇదే.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో కొన్నిటికి విలువ ఉంది. బలగాల్ని అప్రతిష్ఠపాలు చేయడానికి మిలిటెంట్లు జనం చేత అబద్ధపు ఫిర్యాదులు పెట్టిస్తారన్నది ఒకటి. పెట్టించవచ్చు. అప్పుడు నిర్దోషి జవానును కాపాడేది ఏమిటి? ఆ గంటలో తానెక్కడున్నాడో చెప్పే కాగితం, వెంటనే జరిగిన వైద్యపరీక్ష, సక్రమంగా జరిగిన గుర్తింపు పరేడ్. ఇవేవీ లేకుండా మూసేసిన కేసు అతన్ని నిర్దోషిగా నిలబెట్టదు, జీవితాంతం అనుమానం నీడలో ఉంచుతుంది. రెండోది ఇంతకన్నా బరువైనది: గ్రేహౌండ్స్ వంటి దళాల్లో పనిచేసేవాళ్ళ ముఖాలు, పేర్లు బయటపడితే వాళ్ళ ప్రాణాలకు, ఇంటివాళ్ళకు ముప్పు. నిజం. కానీ పేరు మేజిస్ట్రేటుకు సీల్డు కవరులో ఇవ్వడం వేరు, పత్రికలో అచ్చువేయడం వేరు. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టకూడదని 1983 నుంచి చట్టం ఉంది. ఆమె విషయంలో కోర్టులు గోప్యత పాటించగలుగుతున్నాయి గదా. అభియోగం నమోదయ్యేదాకా నిందితుల పేర్లకూ ఆ కట్టుబాటు పెడితే మాకు అభ్యంతరం లేదు.

సైన్యం తన వాళ్ళను తానే కోర్టు మార్షల్‌లో విచారించుకుంటుంది గదా అనేది మరో మాట. ఆ అవకాశాన్ని సుప్రీంకోర్టు 2012లో కశ్మీర్‌లోని పత్రీబల్ ఎన్‌కౌంటర్ కేసులో సైన్యానికే ఇచ్చింది. సీబీఐ బూటకమని తేల్చిన ఆ కేసును సైన్యం సాక్ష్యాధారాలు లేవంటూ 2014లో మూసేసింది. ఇక మిలిటెంట్లు, మావోయిస్టులు చేసే హింస మాటేమిటని అడిగేవారున్నారు. వాళ్ళ మీద హత్య, అత్యాచారం కేసులు నడపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వాళ్ళను గుర్తించడంలో మన పోలీసులు ఎన్నడూ ఇంత నిస్సహాయంగా కనిపించలేదు. ఒక నిజాయితీ గల అభ్యంతరం మిగిలి ఉంది. దళంలో ఇరవై మంది ఉన్నారని తెలిసినంత మాత్రాన నేరం చేసింది ఎవరో తెలియదు గదా, ఉన్న పాపానికి అందర్నీ శిక్షిస్తారా? శిక్షించకూడదు. జాబితా రుజువు కాదు, రుజువుకు మొదటి మెట్టు. ఇరవై మంది పేర్లు మూడో రోజుకే మేజిస్ట్రేటు చేతిలో ఉంటే గుర్తింపు పరేడ్‌కూ, డీఎన్‌ఏ పోలికకూ అర్థం ఉంటుంది. తనకే ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని రుజువు చేసే భారం ఆ మనిషిదేనని సాక్ష్య చట్టం ఎన్నడో చెప్పింది. పాత చట్టంలో అది 106వ సెక్షన్. నాలుగు గోడల మధ్య భార్య చనిపోతే భర్తను జవాబు చెప్పమనడానికి కోర్టులు దాన్ని వాడుతున్నాయి. దళం కదలికలు దళానికి మాత్రమే తెలిసిన విషయాలు కావా?

2015 అక్టోబరులో మన సరిహద్దుకు దగ్గర్లోనే, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా పెద్దగెలూరు ప్రాంతంలో ఇలాంటి ఫిర్యాదులే వచ్చాయి. ఆ రాష్ట్రంలో పదహారు మంది స్త్రీలు పోలీసుల చేతిలో అత్యాచారానికి, లైంగిక, శారీరక హింసకు గురైనట్టు ప్రాథమికంగా కనిపిస్తోందని జాతీయ మానవ హక్కుల సంఘం 2017 జనవరిలో చెప్పింది. వాకపల్లి నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేదని దీన్ని బట్టి అర్థమవుతుంది. అడవుల్లో పోరు ముగింపుకొచ్చిందని, ఇక ఈ చర్చ దేనికని ఇప్పుడు అంటున్నారు. బలగాల క్యాంపులు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఆరో సెక్షన్ రద్దుకు పార్లమెంటు కావాలి. రెండో తాళం తీయడానికి అంత అక్కర్లేదు. కూంబింగ్‌కు బయల్దేరే ముందు దళ సభ్యుల జాబితా, వెళ్ళే మార్గం సీల్డు కవరులో జిల్లా జడ్జి దగ్గర ఉంచాలి. లైంగిక దాడి ఫిర్యాదు వస్తే కవరు తెరిచి, వారంలోగా గుర్తింపు పరేడ్ జరపాలి. మహిళా వైద్యులు, ఆ భాష తెలిసిన దుబాసీ కలిసి గూడేనికే వెళ్ళి పరీక్ష చేయాలి. దర్యాప్తు ఆ జిల్లా పోలీసుల చేతిలో ఉండకూడదు. ఇందులో చాలా భాగం అమరావతిలో, హైదరాబాదులో ఒక ప్రభుత్వ ఉత్తర్వుతోనూ, హైకోర్టు సమ్మతితోనూ అయ్యే పని. గ్రేహౌండ్స్ రెండు రాష్ట్రాలకూ ఉంది. ఈ ఉత్తర్వు ఇవ్వడానికి అడ్డేమిటో రెండు ప్రభుత్వాల హోం శాఖలూ చెప్పాలి.