రెండంకెలు అచ్చు వేయడానికి ఏం రోగం?

ఇంటి వైరింగుకు తెచ్చే వైరు చుట్ట విప్పి చూడండి. ఒకటిన్నర ఎమ్మెమ్మో, రెండున్నరో, ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో తొడుగు పొడవునా అచ్చు వేసి ఉంటుంది. అది చదివే ఎలక్ట్రీషియన్ ఏసీకి ఏ వైరు లాగాలో తేల్చుకుంటాడు. మరి వందలూ వేలూ పోసి కొనే టైప్-సి కేబుల్ మీద ఏముంది? చాలావాటి మీద ఒక్క అంకె ఉండదు. బోడి వైరు!

చూపుకు అన్నీ ఒకటే. అదే పిన్ను, అదే మందం. కానీ ఒకటి సెకనుకు 480 మెగాబిట్లే మోస్తుంది, దాని పక్కనున్నది 40 గిగాబిట్లు, అంటే ఎనభై రెట్ల పైమాటే. ఒకటి 60 వాట్ల దగ్గర ఆగిపోతుంది, ఇంకోటి 240 వాట్లు ఇస్తుంది. ఒకదానితో మానిటర్‌లో బొమ్మ వస్తుంది, ఇంకోదానితో రాదు. 100 జీబీ పెళ్లి వీడియో హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాలంటే మొదటి రకం కేబుల్‌కు కాగితం లెక్కలోనే అరగంట దాకా పడుతుంది. 10 గిగాబిట్లదైతే నిమిషంన్నర లోపే. జనం తిట్టుకునేది మాత్రం ల్యాప్‌టాప్‌ను. పాపం, దాన్నే రిపేరుకు మోసుకెళ్తారు.

కడుపు మండేది ఇక్కడే. 60 వాట్లు దాటే కేబుల్ పిన్నులో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉంటుంది. ఎంత కరెంటు మోయగలదో, ఎంత వేగం ఇవ్వగలదో తగిలించగానే అవతలి పరికరానికి పొల్లుపోకుండా చెప్పేస్తుంది. చార్జర్‌కు చెబుతారట, ల్యాప్‌టాప్‌కు చెబుతారట, డబ్బులిచ్చి కొన్నవాడికి మాత్రం చెప్పరట!

ఈ ప్రమాణాలు చూసే యూఎస్‌బీ ఇంప్లిమెంటర్స్ ఫోరం తీరు ఇంకా దారుణం. 2008లో యూఎస్‌బీ 3.0 అన్నారు. తర్వాత దాన్నే 3.1 జెన్ 1 చేశారు, ఆపైన 3.2 జెన్ 1. పేరు రెండుసార్లు మారినా వేగం అదే 5 గిగాబిట్లు. చివరికి వాట్లు, గిగాబిట్లు చూపించే లోగోలు తెచ్చారు. బాగుంది, కానీ వేసి తీరాలన్న నిర్బంధమేదీ? పెద్ద కంపెనీలకైనా పట్టిందా? 2023లో యాపిల్ ఐఫోన్ 15 ప్రోకు 10 గిగాబిట్ల పోర్టు పెట్టి, డబ్బాలో 480 మెగాబిట్ల కేబుల్ ఇచ్చింది.

షాపులో అడిగితే "టైప్-సీయే కద్సార్, అన్నిటికీ పనిచేస్తుంది" అంటాడు. అతన్ననీ లాభం లేదు. ప్యాకెట్ మీదా "హై స్పీడ్" అన్న గొప్పే తప్ప ఎంత స్పీడో ఉండదు.

ఐరోపా సమాఖ్య 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లకు టైప్-సి పోర్టు తప్పనిసరి చేసింది. మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2023 జనవరిలోనే టైప్-సికి ప్రమాణం వెలువరించింది. పోర్టు ఒక్కటి చేశామని చప్పట్లు కొట్టుకుంటే సరా? అందులో దూర్చే వైరు సత్తా ఎంతో చెప్పించే పూచీ ఎవరిది? ప్యాకెట్ మీద ధర, తయారీ నెల వేయకపోతే కేసు పెట్టే ప్రభుత్వానికి ఇది కనబడదా?

పిన్ను మీద రెండంకెలు చాలు: ఎన్ని వాట్లు, ఎన్ని గిగాబిట్లు. అవి లేని కేబుల్ అమ్మకూడదని ఉత్తర్వు తీయండి. ఆలోగా మనమూ ఊరుకోవద్దు. అంకె చూపించలేని ప్యాకెట్‌ను కౌంటర్ మీదే పడేసి రావాలి.