ముందు మన తీరం

విదేశాలలోని మారుమూల అరణ్యాలలో జరిగే సేవాశిబిరాలకు పోవాలని మన విద్యార్థులలో కొందరు ఉవ్విళ్లూరుతున్నారు. అభినందనీయమే. స్విట్జర్లాండు దేశీయుడు పియేర్ సెరెసోల్ 1934లో బీహారు భూకంపబాధితుల పల్లెలను పునర్నిర్మించడానికి సముద్రాలు దాటి వచ్చాడు. అంతకు పదేళ్ల మునుపే, 1924లో, ఆయన స్థాపించిన సేవాదళం స్వదేశంలో మంచుచరియలు విరిగిపడిన పల్లెలో శిథిలాలు తొలగించింది.

మన ఉద్దానంలో 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటలను నేలకూల్చింది. సహాయబృందాలు కొన్నాళ్లకు మరలిపోయాయి. తిరిగి నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. వన్యప్రాణి సేవయే కోరితే టెక్కలి చేరువన తేలినీలాపురం ఉంది. ఏటా వచ్చే వలసపక్షులను అక్కడి గ్రామస్థులు కంటికి రెప్పలా కాచుకుంటున్నారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పరదేశపు అడవికి దరఖాస్తు పెట్టే విద్యార్థి ముందుగా ఒక వేసవి ఉద్దానపు ఇసుకనేలలో మొక్కలకు నీరుపోసి రావాలి. అక్కడ అలవడిన ఓర్పే ఎక్కడికి వెళ్లినా అతని యోగ్యతాపత్రం.