ఆరిన తర్వాతనే మందు

పోర్ట్ బ్లెయర్‌లో వానాకాలపు అర్ధరాత్రి. పసివాడి రొమ్ములో పిల్లికూతలు మొదలైనాయి. తల్లి లేచి దీపం వేసి, అలమరలోని నెబ్యులైజరును బయటకు తీస్తుంది. మందు పేరు చూసుకుంటుంది, మోతాదు సరిచూసుకుంటుంది, గిన్నెలో పోసి మీట నొక్కుతుంది. గిన్నె పొడిగా ఉన్నదా, తడిగా ఉన్నదా అన్న సంగతి మాత్రం ఆ కంగారులో తోచదు. ఈసారి మనం ముచ్చటించబోయేది ఆ తడిని గురించే.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ పట్టణంలోనూ, చుట్టుప్రక్కల దీవులలోనూ తెలుగు కుటుంబాలు అనేకం. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ తడిపే నేల అది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ముసురు పట్టినప్పుడు ఉతికిన బట్ట ఒక పట్టాన ఆరదు. గోడలకు బూజు, ఇనుముకు తుప్పు మామూలే. దూరపు దీవిలో ఉన్న రోగికి ఊపిరాడకపోతే, పట్టణంలోని గోవింద వల్లభ పంత్ ఆసుపత్రికి చేరడానికి ఓడ కోసమో హెలికాప్టరు కోసమో ఎదురుచూడవలసి రావచ్చు. అటువంటి చోట ఇంటిలోని ఈ చిన్న యంత్రమే తొలి ఆసరా. ఆ ఆసరాయే రోగాన్ని మోసుకురాకూడదు గదా!

యంత్రం పనితీరు తెలిస్తే ప్రమాదం ఎక్కడున్నదో తెలుస్తుంది. చాలామంది దీనిని "ఆవిరి పట్టడం" అంటారు. నిజానికి ఇది ఆవిరి కాదు. ఇందులో నీరు కాగదు. యంత్రం ఒత్తిడితో పంపిన గాలి సన్నని రంధ్రం గుండా దూసుకుపోయేటప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది. గిన్నె అడుగున ఉన్న మందు పైకి లేచి తుంపరలుగా చెదురుతుంది. పెద్ద తుంపరలు అడ్డుకు తగిలి మళ్ళీ గిన్నెలోనే పడతాయి. 1 నుండి 5 మైక్రాన్ల పరిమాణం గల సూక్ష్మబిందువులు మాత్రమే ఊపిరితిత్తుల లోతులకు చేరగలుగుతాయి. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఆ బిందువు ఎంత చిన్నదో ఊహించవచ్చు.

మనం పీల్చే గాలిలోని మలినాలను ముక్కు, గొంతు చాలవరకు అడ్డగిస్తాయి. ఈ సూక్ష్మబిందువులు ఆ కావలిని దాటుకొని లోపలికి పోతాయి. మందు త్వరగా పనిచేయడానికి కారణం అదే. ప్రమాదానికి కారణమూ అదే. గిన్నెలో మందుతోబాటు ఏమున్నదో అది కూడా అదే దారిన పోతుంది. తడి ఆరని గిన్నెలో సూడోమోనాస్ వంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి. కుళాయి నీటిలో లెజియొనెల్లా అనే క్రిమి ఉండవచ్చు. త్రాగితే సాధారణంగా హాని చేయని ఆ నీరే తుంపరగా పీల్చినప్పుడు న్యుమోనియా తేగలదు.

ఊపిరితిత్తులలోకి ఏది పోవచ్చు, ఏది పోరాదు అన్న పాఠాన్ని లోకానికి నేర్పిన మరొక యంత్రం ఎలక్ట్రానిక్ సిగరెట్టు. అందులోనూ ద్రవాన్ని పొగమంచుగా మార్చే భాగం ఒకటున్నది. దానిని అటమైజరు అంటారు. అక్కడ పనిచేసేది గాలి ఒత్తిడి కాదు, వేడి. తీగచుట్ట కాగి, దూది వత్తిలోని నికోటిన్ ద్రవాన్ని పొగగా మారుస్తుంది. వాడిన కొద్దీ తీగకు మాడిన మడ్డి పడుతుంది. ఆ మడ్డిని కడిగినంత మాత్రాన పొగలోని నికోటిన్ పోదు. మన దేశంలో 2019 నాటి చట్టం ఈ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వలను నిషేధించింది. అదే సంవత్సరం అమెరికాలో ఇటువంటి పరికరాలతో పీల్చినవారు ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రుల పాలైనారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు లెక్కకు వచ్చాయి. పరిశోధకులు ప్రధానంగా వేలెత్తి చూపినది విటమిన్-ఇ ఎసిటేట్ అనే నూనెవంటి పదార్థాన్ని. చర్మానికి పూసినా, మ్రింగినా సాధారణంగా హాని చేయనిదే ఊపిరితిత్తులలో అపాయకరమైనది. కాబట్టి నెబ్యులైజరు గిన్నెలో నీలగిరి తైలం, తలనొప్పి మందు, కషాయం వంటివి ఎన్నడూ వేయరాదు. పలుచన చేయవలసి వస్తే వైద్యుడు చెప్పిన శుద్ధమైన సెలైన్ మాత్రమే వాడాలి.

ఇక శుభ్రపరచే పద్ధతి. ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోండి. ప్రతిసారీ మందు పట్టడం పూర్తికాగానే మిగిలిన చుక్కలను పారబోసి, గిన్నె భాగాలను విడదీసి, కాచి చల్లార్చిన నీటితో కడగండి. రోజుకొకసారి గిన్నెను, నోటిగొట్టాన్ని, మాస్కును గోరువెచ్చని సబ్బునీటిలో కడిగి, సబ్బు పోయేవరకు మళ్ళీ కాచిన నీటితో తొలచండి. రెండు మూడు రోజులకొకసారి గిన్నెను, నోటిగొట్టాన్ని మరిగే నీటిలో 5 నిమిషాలు ఉంచవచ్చు. అయితే యంత్రంతోబాటు వచ్చిన పుస్తకం అందుకు అనుమతించాలి. మరిగించకూడని వాటిని ఒక వంతు వినిగరు, మూడు వంతుల నీరు కలిపిన ద్రవంలో అరగంట నానబెట్టి కడగవచ్చు. వైద్యుడు వేరొక పద్ధతి చెప్పి ఉంటే దానినే పాటించండి.

మందు సన్నగా వస్తున్నదని, కిరోసిన్ స్టవ్వుకు పొడిచినట్లు గిన్నెలోని రంధ్రంలో పిన్ను పెట్టకండి. రంధ్రం వెడల్పైతే తుంపర పెద్దదవుతుంది. మందు గొంతులోనే నిలిచిపోతుంది. నానబెట్టినా రంధ్రం తెరచుకోకపోతే గిన్నెను మార్చడమే మేలు.

అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. కడిగిన భాగాలను బాగా విదిలించి, శుభ్రమైన పొడిబట్టపై విడివిడిగా పరచండి. లోపలి భాగాలను గుడ్డతో తుడవకండి. గుడ్డలోని క్రిములు అంటుకుంటాయి. ముసురు రోజులలో గాలికి ఆరనిస్తే చాలదు. గిన్నెకు గొట్టం తగిలించి, మందు లేకుండా కొద్దిసేపు యంత్రం నడపండి; ఆ గాలికి రంధ్రంలోని చెమ్మ పోతుంది. గాలిగొట్టాన్ని కడగనవసరం లేదు. అందులో చెమ్మ కనబడితే అదే విధంగా ఆరబెట్టండి. పూర్తిగా ఆరిన తర్వాతనే మూత గల డబ్బాలో దాచండి. తడిగా ఉండగా మూత పెడితే డబ్బాయే బూజుకు పుట్టిల్లవుతుంది. గాలి వడపోసే చిన్న ఫిల్టరు రంగు మారగానే మార్చండి. ఒకరి మాస్కును మరొకరికి పెట్టకండి. స్టెరాయిడ్ మందు పట్టిన పిల్లల చేత నోరు పుక్కిలింపజేసి, ముఖం కడగండి.

మందు పట్టినా ఆయాసం తగ్గకపోతే, పెదవులు నీలమైతే, మాట పెగలకపోతే యంత్రాన్ని నమ్ముకొని కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.

చివరగా ఒక చిన్న సలహా. విడిభాగాలు సముద్రం దాటి రావలసిన చోట ఒకే గిన్నెతో సరిపెట్టుకోవద్దు, రెండు ఉంచుకోండి. ఒకటి వాడుతూండగా రెండవది తీరికగా ఆరుతుంది. అప్పుడు అర్ధరాత్రి పిల్లవాడు ఉలిక్కిపడి లేచినా, ఆ తల్లి చేతికి అందే గిన్నె పొడిగానే ఉంటుంది.